అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నీళ్ళ దగ్గరే మలుపులు తిరిగింది

జార్జ్ వాషింగ్టన్ రికార్డు చూస్తే ఒక విషయం కొంచెం విచిత్రంగా ఉంటుంది, ఆయన స్వయంగా నడిపిన పెద్ద యుద్ధాల్లో గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. బ్రూక్లిన్‌లో ఓడాడు, ఫోర్ట్ వాషింగ్టన్ అని తన పేరే పెట్టిన కోటని 2,800 మంది సైనికులతో సహా పోగొట్టుకున్నాడు, బ్రాండీవైన్‌లో ఓడాడు, జర్మన్‌టౌన్‌లో ఓడాడు. అయినా సరే చివరికి పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోయింది బ్రిటన్. స్కూల్ పుస్తకాల్లో లెక్సింగ్టన్, శారటోగా, యార్క్‌టౌన్ అని మూడు పేర్లు బట్టీ పట్టిస్తారు గానీ ఎవరు ఎక్కడ గెలిచారు అనే లిస్టుతో ఈ యుద్ధం అర్థం కాదు. మ్యాప్ తీసి చూస్తే అసలు మలుపులన్నీ ఏదో ఒక నది ఒడ్డునో సముద్రపు ముఖద్వారం దగ్గరో కనిపిస్తాయి, ఎవరికి పడవలు దొరికాయి, ఎవరికి గాలి కలిసొచ్చింది, ఎవరు దాటేశారు, ఎవరు ఒడ్డునే ఆగిపోయారు, కథంతా దాదాపు అదే.

ఎందుకంటే బ్రిటన్ బలం అంతా ఓడల్లో ఉంది. ఏ రేవునైనా ఎప్పుడంటే అప్పుడు పట్టుకోగలరు, బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, సవానా, చార్ల్స్‌టన్ అన్నీ ఏదో ఒక టైంలో వాళ్ళ చేతిలో ఉన్నవే. కానీ రేవు దాటి రెండు రోజులు లోపలికి నడిస్తే తిండి కరువు, రోడ్లు ఉండవు, ప్రతి చెట్టు వెనకా ఒక తుపాకి. చచ్చిపోయిన ఒక్క సైనికుడి బదులు ఇంకొకణ్ణి తేవాలంటే అట్లాంటిక్ మహాసముద్రం దాటి రావాలి, అవతలివాళ్ళకి మాత్రం పక్క ఊరి నుంచి రైతులు వచ్చేస్తారు, పంట కోతల టైంకి వెళ్ళిపోతారు కూడా, అది వేరే తలనొప్పి.

మొదలైంది తుపాకిమందు కోసమే. 1775 ఏప్రిల్ 19న బోస్టన్ నుంచి సుమారు 700 మంది బ్రిటిష్ సైనికులు కాంకర్డ్‌లో దాచిన మందుగుండు స్వాధీనం చేసుకుందామని బయల్దేరారు, దారిలో లెక్సింగ్టన్ దగ్గర కాల్పులు జరిగి 8 మంది స్థానికులు చనిపోయారు. వెళ్ళడం బానే వెళ్ళారు, తిరిగి రావడమే నరకం అయింది, గోడల వెనక నుంచి, ఇళ్ళల్లోంచి కాలుస్తూనే ఉన్నారు, బోస్టన్ చేరేసరికి చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, కనిపించకుండా పోయినవాళ్ళు కలిపి 273 మంది. జూన్ 17న బంకర్ హిల్ (నిజానికి జరిగింది పక్కనున్న బ్రీడ్స్ హిల్ మీద) గుట్టని బ్రిటిష్ వాళ్ళు గెలుచుకున్నారు, కానీ ఆ ఒక్క మధ్యాహ్నానికి వెయ్యి మందికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. అక్కడ సైన్యాన్ని నడిపిన జనరల్ విలియం హౌ ఆ తర్వాత ఎదురుగా కందకాలు తవ్వుకుని కూర్చున్న శత్రువు మీదకి నేరుగా వెళ్ళడానికి వెనకాడటం మొదలుపెట్టాడు, అది న్యూయార్క్‌లో వాషింగ్టన్ పాలిట వరం అయింది.

ఇదే టైంలో అమెరికన్ల దగ్గర ఏముందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆగస్టు 1775లో వాషింగ్టన్ గోదాముల లెక్క తీయిస్తే 308 పీపాలు ఉన్నాయనుకున్న తుపాకిమందు 36 పీపాలే తేలింది, అంటే మనిషికి దాదాపు 9 తూటాలు. ఆ మాట విని ఆయన అరగంట సేపు నోరు మెదపలేదని దగ్గరున్న జనరల్ జాన్ సల్లివన్ ఉత్తరంలో రాశాడు. తుపాకిమందులో ముఖ్యమైనది సూరేకారం, బ్రిటన్‌కి అది మన బీహార్, బెంగాల్ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పుష్కలంగా వెళ్ళేది, అమెరికాలో తయారీ దాదాపు లేదు. బోస్టన్‌లో 1773లో సముద్రంలో పారబోసిన 342 పెట్టెల టీ కూడా ఆ కంపెనీదే అనుకోండి. ఆ లోటు తీర్చింది ఎక్కువగా ఫ్రాన్స్, అదీ దొంగచాటుగా, బోమార్షే అనే నాటక రచయిత ఒక ఉత్తుత్తి వ్యాపార సంస్థ పెట్టి ఫ్రెంచ్ రాజు డబ్బుతో తుపాకులు, మందు పంపించాడు. ఫ్రాన్స్ బహిరంగంగా యుద్ధంలోకి దిగింది 1778లో గానీ, ఈ సరుకు రాకపోతే అప్పటిదాకా యుద్ధం సాగేది కాదు.

బోస్టన్ ముట్టడిని తేల్చింది కూడా ఫిరంగులే. హెన్రీ నాక్స్ అని పాతికేళ్ళ పుస్తకాల షాపు కుర్రాడు, యుద్ధం గురించి తెలిసిందంతా తన షాపులో పుస్తకాలు చదివే తెలుసుకున్నాడు, అతను టైకండరోగా కోట నుంచి దాదాపు 60 టన్నుల ఫిరంగుల్ని మంచులో ఎడ్లతో, స్లెడ్జిల (మంచు మీద జారే బండ్ల) మీద సుమారు 480 కిలోమీటర్లు లాక్కొచ్చాడు. 1776 మార్చిలో ఒక్క రాత్రిలో వాటిని డార్చెస్టర్ హైట్స్ మీదకి ఎక్కించేశారు, రేవులో ఉన్న ఓడలు వాటి గురికిందకి వచ్చేశాయి, ఇంక ఉండి లాభం లేదని మార్చి 17న బ్రిటిష్ వాళ్ళు ఊరు ఖాళీ చేశారు.

సరే, ఇక్కడిదాకా బాగానే ఉంది. అసలు పరీక్ష న్యూయార్క్‌లో. 1776 వేసవిలో వందల ఓడలు, 30 వేల పైచిలుకు సైన్యం దిగింది. ఆగస్టు 27న లాంగ్ ఐలాండ్ మీద వాషింగ్టన్ చేసిన తప్పు చిన్నది కాదు, జమైకా పాస్ అనే దారికి కాపలాగా ఐదుగురు ఆఫీసర్లని మాత్రమే పెట్టాడు, బ్రిటిష్ సైన్యం రాత్రికి రాత్రి వాళ్ళని పట్టుకుని వెనక నుంచి వచ్చేసింది. మిగిలిన సైన్యం బ్రూక్లిన్ గట్టు మీద ఇరుక్కుంది, ముందు హౌ, వెనక ఈస్ట్ రివర్. బ్రిటిష్ యుద్ధనౌకలు ఆ నదిలోకి వచ్చేస్తే ఆ రోజుతో యుద్ధం ఖతం. కానీ గాలి ఈశాన్యం నుంచి వీస్తూ ఓడల్ని ముందుకి రానివ్వలేదు. హౌ కూడా బంకర్ హిల్ గుర్తొచ్చిందో ఏమో, నేరుగా దాడి చేయకుండా తీరిగ్గా కందకాలు తవ్వించడం మొదలుపెట్టాడు. ఆగస్టు 29 రాత్రి మార్బుల్‌హెడ్ ఊరి జాలర్లతో నిండిన జాన్ గ్లోవర్ పటాలం తెడ్లు పట్టుకుంది, చప్పుడు లేకుండా, దీపం లేకుండా, 9 వేల మందిని అవతలి ఒడ్డుకి చేర్చింది. తెల్లారేసరికి ఇంకా కొంతమంది మిగిలిపోయారు, అప్పుడు దట్టంగా పొగమంచు దిగింది, ఆ చాటున వాళ్ళూ దాటేశారు. ఇది ఓటమే, పక్కా ఓటమి. కానీ ఈ యుద్ధంలో అన్నిటికంటే పెద్ద మలుపు ఏది అంటే ఈ పారిపోవడాన్ని లెక్కలోంచి తీసేయడం కుదరదు.

ఆ తర్వాత నాలుగు నెలలు వరసగా వెనక్కి వెనక్కి. డిసెంబర్ 31తో చాలామంది సైనికుల ఒప్పందాలు అయిపోతున్నాయి, అంటే జనవరి 1న సైన్యమే ఉండదు. ట్రెంటన్ దాడి వెనక ఉన్న తొందర ఇదే. డెలావేర్ నది దాటి వచ్చేటప్పుడే వాషింగ్టన్ ఒక తెలివైన పని చేశాడు, ఆ చుట్టుపక్కల దొరికిన పడవలన్నీ తనవైపు ఒడ్డుకి లాగేయించాడు, తరుముకొచ్చిన బ్రిటిష్ వాళ్ళు నది అవతలే ఆగిపోయారు. డిసెంబర్ 25 రాత్రి అవే పడవల్లో మంచుగడ్డల మధ్య 2,400 మందిని, 18 ఫిరంగుల్ని దాటించాడు, తెడ్లు వేసింది మళ్ళీ గ్లోవర్ మనుషులే. ఇంకో రెండు దళాలు వేరే చోట్ల దాటాల్సింది, మంచు వల్ల కుదర్లేదు. పొద్దున్నే ట్రెంటన్‌లో ఉన్న దాదాపు 1,400 మంది హెస్సియన్ జర్మన్ కిరాయి సైనికుల మీద పడి 900 మంది దాకా పట్టుకున్నారు, వాళ్ళ కల్నల్ రాల్ గాయాలతో చనిపోయాడు. క్రిస్మస్ తాగుడు మత్తులో ఉన్నారని చెప్పే కథ చాలా పాపులర్ గానీ దానికి ఆధారం లేదు, వారం రోజులుగా చిన్నచిన్న దాడులతో రాత్రుళ్ళు నిద్రలేక అలిసిపోయి ఉన్నారు, ఆ తుఫాన్లో ఎవడొస్తాడులే అనుకున్నారు, అంతే.

సంఖ్యల్లో చూస్తే ట్రెంటన్ చిన్న కొట్లాట. కానీ తర్వాత నాలుగు రోజులకి వాషింగ్టన్ సైనికుల్ని వరసలో నిలబెట్టి ఇంకో 6 వారాలు ఉండండి, 10 డాలర్లు బోనస్ ఇస్తా అన్నప్పుడు మొదట ఒక్కడూ కదల్లేదు, రెండోసారి బతిమాలితే ఒక్కొక్కరే ముందుకొచ్చారు. ఓడిన సైన్యం అయితే 10 డాలర్లకి ఆగేది కాదు. ఆ మిగిలినవాళ్ళతోనే జనవరి 3న ప్రిన్స్‌టన్ కూడా కొట్టాడు. పుస్తకాల్లో రెండు లైన్లు కూడా దక్కని ఇంకో నిర్ణయం 1777 ఫిబ్రవరిలో జరిగింది, సైన్యం మొత్తానికి మశూచి టీకాలు వేయించమని ఆర్డర్. అంతకుముందు ఏడాది క్యుబెక్ మీదకి వెళ్ళిన సైన్యాన్ని బ్రిటిష్ తూటాల కంటే మశూచే ఎక్కువ తినేసింది, కెనడా పోవడానికి అదొక పెద్ద కారణం.

ఇప్పుడు శారటోగా. లండన్‌లో కూర్చుని గీసిన ప్లాన్ కాగితం మీద అద్భుతంగా ఉంది, జనరల్ బర్గోయిన్ కెనడా నుంచి సరస్సుల మీదుగా దక్షిణానికి దిగుతాడు, పడమర నుంచి సెంట్ లెజర్ వస్తాడు, అందరూ హడ్సన్ నది ఒడ్డున ఆల్బనీలో కలుస్తారు, హడ్సన్ వాళ్ళ చేతిలోకి వస్తే న్యూ ఇంగ్లండ్ (బోస్టన్ ఉన్న ఈశాన్యపు కాలనీలు) మిగతా కాలనీల నుంచి తెగిపోతుంది. ఈ ప్లాన్ నడవాలంటే న్యూయార్క్‌లో ఉన్న హౌ పైకి వెళ్ళాలి. ఆయనేమో ఫిలడెల్ఫియా పట్టుకుంటా అని ఇంకో ప్లాన్ పంపించాడు, లండన్‌లో మంత్రి జార్మెయిన్ రెండిటికీ ఓకే చెప్పేశాడు! జులై 23న హౌ ఓడలెక్కి సముద్రం మీద నెల రోజులు తిరిగి చీసపీక్ బే చివర దిగాడు, సెప్టెంబర్ 26న ఫిలడెల్ఫియాలోకి దర్జాగా నడిచాడు. అమెరికన్ల ప్రతినిధుల సభ, అంటే కాంగ్రెస్, అప్పటికే ఊరొదిలి వెళ్ళిపోయింది. రాజధాని పోతే దేశం పోయినట్టే అనే యూరప్ లెక్క ఇక్కడ పని చెయ్యలేదు, ఎందుకంటే ఆ దేశానికి పోగొట్టుకోడానికి సరైన రాజధానే లేదు.

బర్గోయిన్ సంగతి ఘోరం. నీళ్ళ మీద ఉన్నంతసేపు దూసుకొచ్చాడు, జులై మొదటి వారంలో టైకండరోగా తేలిగ్గా పడిపోయింది. సరస్సు చివరున్న స్కీన్స్‌బరో నుంచి అడవి దారి పట్టాడు, అక్కడి నుంచి ఫోర్ట్ ఎడ్వర్డ్ దాకా 37 కిలోమీటర్లు కూడా లేదు, దానికి మూడు వారాలు పట్టింది. అమెరికన్లు దారి పొడుగునా చెట్లు కొట్టి అడ్డం పడేశారు, వాగుల్ని మళ్ళించి దారిని బురద చేశారు, బర్గోయిన్ మనుషులు 40కి పైగా వంతెనలు కట్టుకుంటూ రావాల్సొచ్చింది. తిండి, గుర్రాలు కావాలని బెన్నింగ్టన్ వైపు పంపిన దళం ఆగస్టు 16న దాదాపు 900 మందిని పోగొట్టుకుంది. పడమర నుంచి రావాల్సిన సెంట్ లెజర్ ఫోర్ట్ స్టాన్‌విక్స్ దగ్గరే ఆగిపోయి వెనక్కి తిరిగాడు. సెప్టెంబర్ వచ్చేసరికి బర్గోయిన్‌కి ముందు నుయ్యి వెనక గొయ్యి.

బెమిస్ హైట్స్ అనే ఎత్తు హడ్సన్ పక్కన రోడ్డుని పీక నొక్కినట్టు ఉండే చోటు, అక్కడ పోలండ్ నుంచి వచ్చిన ఇంజనీర్ కోస్చుష్కో మట్టికోటలు కట్టించాడు. సెప్టెంబర్ 19న ఫ్రీమన్స్ ఫార్మ్ దగ్గర పోరు, మైదానం బ్రిటిష్ వాళ్ళకే దక్కింది గానీ 600 మందిదాకా చనిపోయారు, గాయపడ్డారు లేదా పట్టుబడ్డారు, అవతల నష్టం అందులో సగం. అక్టోబర్ 7న మళ్ళీ. అమెరికన్ కమాండర్ గేట్స్ తన టెంట్ దగ్గరే ఉన్నాడు, గొడవపడి పదవి పోగొట్టుకున్న బెనెడిక్ట్ ఆర్నాల్డ్ మాత్రం ఎవరూ రమ్మనకుండానే గుర్రమెక్కి యుద్ధంలోకి దూకి బ్రిటిష్ మట్టికోట పట్టుకోడానికి కారణం అయ్యాడు, కాలు విరిగింది. మూడేళ్ళ తర్వాత అదే ఆర్నాల్డ్ బ్రిటిష్ వైపు ఫిరాయించాడు కాబట్టి ఈరోజు శారటోగాలో ఆయన బూటుకి స్మారకం ఉంది, దానిమీద పేరు ఉండదు! అక్టోబర్ 17న బర్గోయిన్ దాదాపు 5,900 మందితో లొంగిపోయాడు.

ఈ వార్త డిసెంబర్ మొదట్లో పారిస్ చేరింది, 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్స్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. శారటోగానే టర్నింగ్ పాయింట్ అనే వాదనకి బలం ఇదే, కాదనలేం. అయితే ఒప్పందం అయ్యాక కూడా మూడేళ్ళు ఏమీ తేలలేదు అన్న మాట చాలామంది దాటేస్తారు. ఒప్పందంతో అసలు మారింది ఏంటంటే బ్రిటన్‌కి సముద్రం ఇంక ఫ్రీగా దొరకడం మానేసింది, కరీబియన్‌లో చక్కెర దీవుల్ని కాపాడుకోవాలి, ఇంగ్లిష్ ఛానల్ కాపాడుకోవాలి, 1779లో స్పెయిన్ దిగింది, జిబ్రాల్టర్ కాపాడుకోవాలి. 1778లో ఫిలడెల్ఫియా వదిలేసి సైన్యంలో కొంత కరీబియన్‌కి పంపించాల్సొచ్చింది. అంతకుముందు శీతాకాలం వ్యాలీ ఫోర్జ్‌లో వాషింగ్టన్ సైన్యం 2 వేల మందిదాకా జబ్బులతో పోగొట్టుకుంది, అక్కడే ప్రష్యా నుంచి వచ్చిన స్టూబెన్ వాళ్ళకి డ్రిల్లు నేర్పాడు, జూన్ 28న మన్మత్‌లో వాళ్ళు బ్రిటిష్ రెగ్యులర్ల ఎదురుగా చెదరకుండా నిలబడ్డారు.

ఉత్తరంలో పని కావట్లేదని బ్రిటన్ దక్షిణానికి మళ్ళింది, అక్కడ రాజుగారి అభిమానులు ఎక్కువ ఉన్నారని నమ్మకం. మొదట అంతా జాక్‌పాట్. 1780 మే 12న చార్ల్స్‌టన్ 5 వేల మందితో లొంగిపోయింది, ఆగస్టు 16న కామ్డెన్‌లో శారటోగా హీరో గేట్స్ సైన్యాన్ని వదిలేసి గుర్రం మీద ఉడాయించాడు. మరి ఇంత గెలిచాక ఎందుకు చెడింది? జూన్ 3న బ్రిటిష్ సేనాని జనరల్ క్లింటన్ ఒక ప్రకటన చేశాడు, పెరోల్ మీద, అంటే ఇంక యుద్ధం చెయ్యమని మాటిచ్చి ఇంట్లో కూర్చున్నవాళ్ళు కూడా ఇప్పుడు రాజుకి విధేయత ప్రమాణం చేసి సాయం చెయ్యాలి, లేకపోతే తిరుగుబాటుదారులే. ఎటూ చేరకుండా పొలం చూసుకుంటున్నవాళ్ళకి ఏదో ఒక వైపు ఎంచుకోక తప్పలేదు, చాలామంది అవతలివైపు వెళ్ళారు. ఒక్క కాగితంతో గెలిచినదంతా పాడుచేసుకోవడం అంటే ఇదే. అక్టోబర్ 7న కింగ్స్ మౌంటెన్ మీద ఒక గంటలో 1,100 మంది లాయలిస్టుల (రాజు పక్షం వాళ్ళ) దళం తుడిచిపెట్టుకుపోయింది, ఇటు పోరాడినవాళ్ళూ అమెరికన్లే అటువాళ్ళూ అమెరికన్లే, బ్రిటన్‌లో పుట్టినవాడు దాదాపు మేజర్ ఫెర్గూసన్ ఒక్కడే.

1781 జనవరి 17న కౌపెన్స్ అనే పశువుల మేత మైదానంలో జరిగింది మాత్రం ఆగి చూడాల్సిన యుద్ధం. అమెరికన్ దళాన్ని నడిపిన డేనియల్ మోర్గాన్ బండి తోలుకునే మనిషి, కుర్రతనంలో బ్రిటిష్ సైన్యంలో పనిచేస్తూ ఆఫీసర్ని కొట్టినందుకు కొరడా దెబ్బలు తిన్నాడు, 500 వెయ్యాల్సింది 499 వేసి లెక్క తప్పారు, ఇంకొకటి నాకు బాకీ అని నవ్వుతూ చెప్పుకునేవాడు. ఎదురుగా బ్రిటిష్ వైపు బనాస్టర్ టార్ల్‌టన్, 26 ఏళ్ళు, దూకుడు తప్ప ఇంకోటి తెలీదు. స్థానిక మిలీషియా (అవసరానికి తుపాకి పట్టే మామూలు జనం) రెండు రౌండ్లు కాల్చి పారిపోతారని అందరికీ తెలుసు, మోర్గాన్ దాన్నే ప్లాన్ చేసేశాడు. ముందు రాత్రి మంటల దగ్గర కూర్చుని ఒక్కొక్కరికీ చెప్పాడు, రెండు మూడు సార్లు గురిచూసి కాల్చండి చాలు, తర్వాత వెనక్కి వెళ్ళిపోండి అని. వాళ్ళు అలాగే కాల్చి వెనక్కి వెళ్ళారు, టార్ల్‌టన్ మనుషులు పారిపోతున్నారనుకుని వరసలు చెదిరిపోయేలా పరిగెత్తారు, గుట్ట వెనక ఆగి ఉన్న అసలు సైన్యం ఎదురైంది. మధ్యలో ఒక ఆర్డర్ తప్పుగా అర్థమై ఆ లైను కూడా వెనక్కి తిరిగింది, మోర్గాన్ చోటు చూపించి ఆపి వెనక్కి తిప్పి కాల్పించాడు, అతి దగ్గర నుంచి. గుర్రపు దళం పక్క నుంచి పడింది. గంటలోపే అయిపోయింది, టార్ల్‌టన్ తెచ్చిన 1,100 మందిలో 800 మందికి పైగా చనిపోవడమో పట్టుబడటమో జరిగింది.

దక్షిణంలో బ్రిటిష్ సైన్యాన్ని నడుపుతున్న జనరల్ కారన్‌వాలిస్‌కి పిచ్చికోపం వచ్చింది. వేగంగా తరమాలని తన బండ్లు, టెంట్లు, చివరికి రమ్ పీపాలు కూడా తగలబెట్టించాడు. కొత్త అమెరికన్ కమాండర్ నథానియల్ గ్రీన్ ముందే నదుల కొలతలు తీయించి, పడవలు సిద్ధం చేయించి పెట్టాడు, ఫిబ్రవరి 14 నాటికి డాన్ నది దాటేశాడు, కారన్‌వాలిస్ వచ్చేసరికి ఒడ్డున పడవ లేదు, టెంట్లు లేవు, తిండి లేదు. మార్చి 15న గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్‌లో 1,900 మందితో గ్రీన్ మీద గెలిచాడు, నాలుగో వంతు సైన్యం పోయింది. ఇలాంటి గెలుపు ఇంకోటొస్తే మన సైన్యం పని అయిపోయినట్టే అని లండన్ పార్లమెంటులో చార్ల్స్ ఫాక్స్ ఎద్దేవా చేశాడు. సముద్రం దగ్గరైతే ఓడలొచ్చి ఆదుకుంటాయని కారన్‌వాలిస్ వర్జీనియా వెళ్ళి యార్క్‌టౌన్ రేవులో దిగబడ్డాడు.

ఇక్కడే సముద్రం ఎదురు తిరిగింది. ఫ్రెంచ్ అడ్మిరల్ డి గ్రాస్ కరీబియన్ నుంచి తన 28 పెద్ద యుద్ధనౌకల్నీ తీసుకుని చీసపీక్ వచ్చేశాడు, వ్యాపార ఓడలకి ఎస్కార్ట్ కోసం సగం ఉంచుకుంటాడని బ్రిటిష్ అడ్మిరల్ రాడ్నీ అంచనా, అందుకే తనవి 14 ఓడలే ఉత్తరానికి పంపాడు. సెప్టెంబర్ 5న బే ముఖద్వారం దగ్గర 24 ఫ్రెంచ్ ఓడలు, 19 బ్రిటిష్ ఓడలు ఎదురయ్యాయి. బ్రిటిష్ అడ్మిరల్ గ్రేవ్స్ ఓడ మీద వరసలో ఉండండి అనే జెండా, దగ్గరికెళ్ళి కొట్టండి అనే జెండా ఒకేసారి ఎగిరాయి, వెనక ఉన్న ఇంకో బ్రిటిష్ అడ్మిరల్ హుడ్ ఓడలు వరస జెండానే పట్టుకుని దాదాపు యుద్ధంలోకే రాలేదు. ఆ రోజు ఒక్క ఓడ కూడా మునగలేదు. చూడ్డానికి డ్రా. కానీ వారం తర్వాత గ్రేవ్స్ న్యూయార్క్ వెళ్ళిపోయాడు, కారన్‌వాలిస్ వెనక తలుపు మూసుకుపోయింది. ఒక్క అమెరికన్ ఓడ కూడా లేని యుద్ధమే అమెరికా స్వాతంత్ర్యాన్ని ఖాయం చేసిందనడం అతిశయోక్తి కాదు, శారటోగా కంటే దీనికే ఎక్కువ మార్కులు వెయ్యాలి.

వాషింగ్టన్‌కైతే న్యూయార్క్ మీద పడాలని ఉండేది, చీసపీక్ వైపు మొగ్గేలా చేసింది ఫ్రెంచ్ జనరల్ రోషాంబో. న్యూయార్క్ మీదకే వస్తున్నారని క్లింటన్ నమ్మేలా న్యూజెర్సీలో రొట్టెలు కాల్చే పొయ్యిలు కూడా కట్టించారు. యార్క్‌టౌన్ ముట్టడిలో భూసైన్యంలో దాదాపు సగం ఫ్రెంచ్ వాళ్ళు, ఓడల్లోవాళ్ళని కలిపితే సగం కంటే ఎక్కువే. లోపల తిండి తగ్గిపోతుంటే, స్వేచ్ఛ ఇస్తారని నమ్మి బ్రిటిష్ వైపు వచ్చిన నల్లజాతి బానిసల్ని, మశూచితో ఉన్నవాళ్ళని కూడా, కారన్‌వాలిస్ లైన్ల బయటకి గెంటించాడు, ఈ గెలుపు కథల్లో ఇది ఎవరూ చెప్పరు. అక్టోబర్ 16 రాత్రి ఆయన కూడా పడవల్లో యార్క్ నది దాటి పారిపోదామని చూశాడు, బ్రూక్లిన్‌లో వాషింగ్టన్ చేసిన పనే, కానీ సగంలో తుఫాను వచ్చి పడవలు చెల్లాచెదురయ్యాయి. 19న 7 వేల మందికి పైగా లొంగిపోయారు, ఒంట్లో బాలేదని ఆయన బయటకి రాకుండా కత్తి అప్పగించడానికి తన కింది జనరల్ ఓహారాని పంపాడు. క్లింటన్ సాయంగా తెస్తున్న ఓడలు న్యూయార్క్ నుంచి బయల్దేరింది సరిగ్గా అదే రోజు.

యుద్ధం అక్కడితో ఆగలేదు, మన వైపు ఇంకా నడుస్తూనే ఉంది. ఫ్రాన్స్ దిగగానే కంపెనీ వాళ్ళు 1778లో పుదుచ్చేరి, 1779లో మాహే పట్టుకున్నారు, మాహే తన రక్షణలో ఉందన్న మైసూరు హైదర్ అలీ 1780లో కర్ణాటక (ఇప్పటి రాష్ట్రం కాదు, ఆర్కాట్ నవాబు ఏలిన తమిళ ప్రాంతం) మీదకి దూకి పొల్లిలూర్‌లో కంపెనీ దళాన్ని తుడిచేశాడు. హైదర్ కోపానికి ఇంకో కారణం గుంటూరు సర్కారు, నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌తో మద్రాసులోని కంపెనీ వాళ్ళు విడిగా ఒప్పందం చేసుకోవడం అటు నిజాంకీ నచ్చలేదు ఇటు హైదర్‌కీ నచ్చలేదు. ఫ్రెంచ్ అడ్మిరల్ సఫ్రెన్ ఈ సముద్రాల్లో బ్రిటిష్ వాళ్ళతో ఐదుసార్లు తలపడ్డాడు, చివరిది 1783 జూన్ 20న కడలూరు ఎదురుగా, అప్పటికే యూరప్‌లో సంధి కుదిరి నెలలైంది, వార్త ఇంకా చేరలేదు అంతే. పారిస్ ఒప్పందం సెప్టెంబర్ 3న జరిగింది, మిసిసిపీ దాకా భూమి రాసిచ్చేశారు, అక్కడ ఉంటున్న ఆదివాసీ జాతుల పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఓడిపోయిన కారన్‌వాలిస్‌కి శిక్ష ఏమైనా పడిందా అంటే, 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు, 1788లో నిజాం దగ్గర నుంచి గుంటూరు సర్కారు తీసుకున్నాడు, 1792లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు చేత సగం రాజ్యం రాయించుకున్నాడు. ఈసారి తిండి బండ్లు తగలబెట్టలేదు, నిజాం, మరాఠాల గుర్రపు దళాల్ని, లంబాడీల ఎద్దుల మీద వచ్చే ధాన్యాన్ని వెంట పెట్టుకునే వెళ్ళాడు.